అత్తమ్మ కాలి వెండి

వెండి ధర పెరుగుతోందని ఎక్కడ చూసినా అదే మాటగా ఉన్న రోజుల్లో మా అత్తమ్మ పళ్లు కట్టించుకుంటానని పట్టుబట్టింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మేముండేది ఆత్మకూరులో. బస్టాండు వెనక సందులో మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లను రైతులు ఆటోల్లో తెచ్చి దింపుతుంటారు. ఆయన వాటిలోని పాత తీగ పీకేసి కొత్త తీగ చుడతాడు. పక్క గదిలో నేను జాకెట్లు కుడతాను. రెండు గదుల ముందూ ఉన్న అరుగు అత్తమ్మది. వచ్చేపోయే వాళ్లందరినీ ఆమె అక్కడి నుంచే పలకరిస్తుంది. ఏ ఊరి మోటారు ఎందుకు కాలిందో మా ఆయన కంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

ఆమెకు చదువు రాదు. అయినా చర్చిలో పాడే పాటల్లో సగానికి పైగా ఆమెకు నోటికి వచ్చు. ఆదివారం ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె మొదలుపెడితే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. పై పళ్లు ఒక్కొక్కటే ఊడిపోతూ వచ్చాక ఆ గొంతులో మాటలు జారిపోవడం మొదలైంది. కొన్ని అక్షరాల చోట ఉత్త గాలి వచ్చేది. వెనక వరసలో పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు. ఒక ఆదివారం ఆమె గొంతు సవరించుకునే లోపలే ముందు వరసలోని ఒక కొత్త కోడలు పాట ఎత్తుకుంది. ఆ పిల్లకు వేరే ఉద్దేశం ఏమీ లేదు. అత్తమ్మ ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ, వనపర్తిలో పళ్ల డాక్టరు ఏ రోజు ఉంటాడని నన్ను అడిగింది.

డాక్టరు నోరంతా చూసి, పైన మొత్తం కట్టాలని, కింద ఉన్నవి ఉంచి మిగతావి పెడితే చాలని చెప్పాడు. ఖర్చు కూడా చెప్పాడు. మా ఆయన ఎండాకాలం దాకా ఆగమన్నాడు. ఎండాకాలంలోనే మోటార్లు ఎక్కువ కాలతాయి, మాకు నాలుగు డబ్బులు కనిపించేది అప్పుడే. అత్తమ్మ ఆ మాటకు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక అరుగు మీద రెండు కాళ్లూ బారజాపి కూర్చుని, "నోరు నాది. నా నోట్లకు నా పైసలే పెట్టుకుంట. ఇవి తీయించుండ్రి," అంది.

ఆమె చూపించింది తన కాళ్ల కడియాలను.

నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ కడియాలు లేకుండా ఆమెను చూడలేదు. బొటనవేలంత లావు, చివర్లు ఎదురెదురుగా రెండు మొగ్గల్లా ఉంటాయి. ఆమె లోపలి గదిలో నడిచినా ఆ చప్పుడుకు బయట నాకు తెలిసేది. మా అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు మామతో కలిసి మేస్త్రీల వెంట వలస పనులకు పోయేది. కాలువలు, చెరువు కట్టలు, ఊరు కాని ఊళ్లలో గుడారాలు. చేతికొచ్చిన డబ్బు దాచుకునే చోటు లేక వెండి కొని ఒంటి మీద వేసుకునేవారట. "గుడారంల పెట్టె యాడిది బిడ్డా? కాళ్లే మా పెట్టెలు," అని ఒకసారి నాతో చెప్పింది.

నాకు మనసొప్పలేదు. అవి లేకుండా ఆమె కాళ్లు ఎలా ఉంటాయో ఊహకే అందలేదు. మా ఆయన మాత్రం కాసేపు వద్దని, తర్వాత కడియం కింద అరచెయ్యి పెట్టి పైకెత్తి చూశాడు. పాత రాగి తీగ అమ్మడం ఆయనకు అలవాటు, చేత్తో తూకం చెప్పగలడు. ఒక్కోటి పావుకిలోకు పైనే ఉంటుందన్నాడు. నేను ఫోన్లో వెండి ధర చూసి, రెండింటి బరువుతో గుణించాను. వచ్చిన మొత్తం చూసి నమ్మలేక మళ్లీ గుణించాను. పళ్లు పోను ఇంకా చాలా మిగిలేలా ఉంది. నేను అప్పుడే మనసులో ఒక కొత్త కుట్టుమిషను కూడా కొనేశాను.

ఆ ఊపులో ఇంట్లో ఉన్న వెండంతా బయటికి తీశాను. మా పిల్లల చిన్నప్పటి మొలతాళ్లు, తెగిన పట్టీల జత, పెళ్లిలో మా మేనత్త పెట్టిన ఒక పళ్లెం. ఆ పళ్లెం మీద నాకు గొప్ప నమ్మకం. ఎవరైనా చుట్టాలొస్తే తప్ప దాన్ని బట్టలోంచి తీసేదాన్ని కాదు.

ముందు వనపర్తిలోనే అడిగాం. ఆ దుకాణంలో సేటు కుర్చీలోంచి లేవకుండానే అత్తమ్మ కాళ్ల వైపు చూసి, పాత కడియాల్లో లోపల లక్క ఉంటుందని, వెండి సగం కూడా ఉండదని, సగం ధర కట్టి అందులో మళ్లీ తరుగు తీస్తానని చెప్పాడు. కోసి చూడకుండా లోపల ఏముందో ఎలా తెలుసని మా ఆయన అడిగితే, ఇన్నేళ్ల నుంచి చూస్తున్నామన్నాడు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు దించి కడియాలు కప్పేసుకుని బయటికి నడిచింది. నా లెక్క తప్పని నాకు అక్కడే అర్థమైంది. నేను మొత్తం బరువును మేలిమి వెండి ధరతో గుణించాను. నగలో కలిసిన వేరే లోహాన్ని తీసేసి, ఉన్న వెండికే కదా ధర కడతారు. ఎంత ఉందో తెలియాలంటే పరీక్ష చేయాలి. కుట్టుమిషను సంగతి నేను ఎవరికీ చెప్పకపోవడం మంచిదైంది.

తర్వాతి వారం షాపు మూసి ముగ్గురం గద్వాల బస్సెక్కాం. అక్కడ ఎదురుగానే కోసి, టచ్ చూసి, ఉన్నంతకే లెక్క కడతారని మా ఆయనకు ఎవరో రైతు చెప్పాడు. టచ్ అంటే వందకు ఎన్ని పాళ్లు అసలు వెండి ఉందో చెప్పే లెక్క. బస్సు జూరాల కట్ట మీదుగా పోతుంటే అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని నీళ్లను చూస్తూ, గేట్లు ఎన్ని ఎత్తారో చూడమని నాకు చెప్తూనే ఉంది. ఆమెకు ఇది అమ్మకానికి పోతున్నట్టు లేదు. ఊరు చూడటానికి పోతున్నట్టుంది.

గద్వాలలో మేం వెళ్లిన అవుసులాయన వెండి, బంగారం పని చేసే నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ముందు నేను తెచ్చినవి చూశాడు. మొలతాళ్లు మంచివన్నాడు. పట్టీల్లో మువ్వల దగ్గర అతుకులు ఎక్కువన్నాడు. పళ్లేన్ని గీటురాయి మీద ఒకసారి గీసి, మందు చుక్క వేసి, తుడిచి నా చేతికే ఇచ్చేశాడు. "ఇది ఇంట్లనే పెట్టుకో అక్కా. జర్మన్ సిల్వరు, వెండి గాదు," అన్నాడు. మా ఆయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఆ పళ్లెంలో ఇప్పుడు నేను గుండుసూదులు, హుక్కులు పోసుకుంటున్నాను.

కడియాలు ఊడదీయడానికి ఇంట్లో సబ్బు, కొబ్బరినూనె అన్నీ ప్రయత్నించాం, రాలేదు. వయసుతో పాటు ఆమె పాదాలు వాచి వెడల్పయ్యాయి. కోయక తప్పలేదు. అవుసులాయన ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, కడియం కింద తడిబట్ట దోపి, కింద కాగితం పరిచి, సన్నటి రంపంతో కోయడం మొదలుపెట్టాడు. ఆమెకు ఎక్కడ తగులుతుందో అని నేను భుజం పట్టుకుని నిలబడ్డాను. ఆమె చూపంతా కాగితం మీదే ఉంది. కోత అయ్యాక, "ఆ పొడి గూడ కాటాల పొయ్యి నాయినా," అంది. ఆయన నవ్వి, కాగితం మడిచి పొడిని జాగ్రత్తగా తూకంలో పోశాడు.

రెండో కడియం కూడా ఊడి వచ్చింది. వాటి కింద చర్మం తెల్లగా, సన్నగా, చిన్నపిల్లల చర్మంలా ఉంది. ఆమె వంగి రెండు చేతులతో రెండు కాళ్లనూ గోళ్లతో గీరుకోవడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, అలా గీరుకుంటూనే ఉంది. ఎన్నేళ్ల దురదో అది. ఆమె ముఖంలో అంత హాయి చూసి అవుసులాయన కూడా పని ఆపి కూర్చున్నాడు.

తర్వాత పరీక్ష. కోసిన చోట రాయి మీద గీసి, గీత మీద మందు చుక్క వేశాడు. కుడికాలి కడియం గీత మీద చుక్క పాలు విరిగినట్టు తెల్లగా అయింది. ఎడమకాలి దాని మీద తెలుపు పలచగా వచ్చి, అంచులు పచ్చబడ్డాయి. ఆయన ఇంకోసారి గీశాడు. మళ్లీ అంతే. లక్క రెండింట్లోనూ లేదు, రెండూ గట్టివే. కుడిది వందకు ఎనభై దాకా ఉంటుందని, ఎడమది సగం కూడా ఉండేలా లేదని చెప్పాడు.

మా ఆయనకు కోపం వచ్చింది. జతగా చేసిన కడియాలు రెండు రకాలుగా ఎలా ఉంటాయని అడిగాడు. మోసం అన్న మాట అనలేదు గానీ గొంతులో అదే ఉంది. అవుసులాయన ఏమీ అనుకోకుండా, నాలుగు దుకాణాల అవతల మిషను ఉంది, అక్కడ చూపించుకుని రమ్మన్నాడు. మా ఆయన రెండు కడియాలూ రుమాల్లో కట్టుకుని వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. మిషను కూడా దాదాపు అదే చెప్పింది. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇద్దరూ ఒకే బజారువాళ్లు, కర్నూలు పోయి చూపిద్దాం పద అని తల్లి చెప్పుల కోసం వెతకసాగాడు.

అప్పుడు అత్తమ్మ, "కూసో కొడుకా. ఆయన చెప్పేది నిజమే," అంది.

మేమిద్దరం ఆమె వైపు చూశాం.

"ఎడమది నాది గాదు. నాది మీ నాయిన కుదువ పెట్టిండు."

ఆమె చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాయలేను, మధ్యలో చాలా పక్కదారులు పట్టింది. సంగతి ఇది. మా ఆయనకు అప్పటికి ఇంకా నడక సరిగ్గా రాలేదు. కర్ణాటకలో ఎక్కడో కాలువ పని. పిల్లవాడికి జ్వరం పట్టి తగ్గలేదు. డబ్బు అడుగుదామంటే మేస్త్రీ ఊళ్లో లేడు. అత్తమ్మ తన ఎడమకాలి కడియం సబ్బు పెట్టి ఊడదీసి ఇస్తే, మామ దాన్ని దగ్గరి టౌనులో కుదువ పెట్టి, పిల్లవాణ్ణి దవాఖానలో చూపించాడు. జ్వరం తగ్గింది. పని ముగిసి లెక్కలు తేలాక మామ కడియం విడిపించుకొస్తానని పొద్దున పోయి, మర్నాడు గానీ రాలేదు. వచ్చీ రాగానే గుడారం ముందు కింద కూర్చుని, ఆమె కాలు తన తొడ మీద పెట్టుకుని, నీళ్లూ సబ్బూ రాసి కడియం తొడిగాడట. విడిపించుకొచ్చిన, చూడు, మన దగ్గర ఏదీ పోదు, అన్నాడట.

"చూడంగనే తెలిసింది. నా దాని మొగ్గకు ఐదు రేకులుండె. దీనికి నాలుగే. గడువు దాటిపోయిందో, సేటు కరిగిచ్చిండో, నాకు తెల్వదు. యాడయాడ తిరిగిండో, అసొంటిదే ఎతికి పట్టుకొచ్చిండు."

"మరి నువ్వు అడగలేదా?" అన్నాడు మా ఆయన.

"ఎట్ల అడుగుత? జిందగీల నా కాలు ముట్టనోడు, కాలు తొడ మీద పెట్టుకొని గంత సంబురంగ తొడుగుతుంటే, ఇది నాది గాదని ఎట్లంట?"

అవుసులాయన రెండు కడియాలనూ దీపం కిందకి జరిపి, పెద్దగా కనిపించే అద్దంలోంచి చూసి, మాకు కూడా చూపించాడు. ఒకదానికి ఐదు రేకులు, ఇంకోదానికి నాలుగు. ఇన్నేళ్లూ ఆమె కాళ్లకు పండుగలకు నూనె రాశాను, పిల్లలు ఆ కడియాలు పట్టుకునే నిలబడటం నేర్చుకున్నారు. మేమెవరం చూడలేదు.

మామ తర్వాత ఎప్పుడైనా చెప్పాడా అని నేను అడిగాను. చెప్పలేదని, తను అడగలేదని అంది. మా ఆయన బడిలో ఉండగానే మామ చనిపోయాడు. మా ఆయన తండ్రి గురించి మాట్లాడటం నేను పెద్దగా వినలేదు. ముక్కోపి అని, ఇంట్లో ఉంటే భయంగా ఉండేదని, అంతే.

కాసేపటికి మా ఆయన ఎడమ కడియం చేతిలోకి తీసుకుని, దీన్ని అమ్మవద్దని, ఇంటికి తీసుకుపోదామని, పళ్లకు తక్కువ పడితే తాను చూసుకుంటానని తల్లితో చెప్పాడు. నేనూ అదే అనుకుంటున్నాను. అత్తమ్మ కొడుకు చేతిలోంచి దాన్ని తీసుకుని అవుసులాయన ముందు పెట్టింది.

"తీస్కపోయి ఏం చేస్తవు? కోసినంక కాలికి రాదు. బీరువాల పెట్టి, దొంగలొస్తరని పరేషాన్ గావాలె. మీ నాయిన తొడిగిండు, నేను అరిగేదాక తొడుక్కున్న. అయిపోయింది. దీన్నే ముందుగాల కరిగియ్యి నాయినా, వీడు మళ్ల మనసు మార్చుకుంటడు."

అవుసులాయన రెండింటినీ వేరువేరుగానే కరిగించాడు. మంట కరిగించే మట్టి మూస మీద పడుతుంటే ఎడమ కడియం ముందు నల్లబడింది, మొగ్గలు మెత్తబడి ఒకదాని మీదికి ఒకటి వాలాయి, తర్వాత అంతా కలిసి ఒక బొట్టులా అటూ ఇటూ కదిలింది. అత్తమ్మ ముందుకు వంగి కళ్లార్పకుండా చూసింది. వేడి తగులుతుంది, వెనక్కి జరగమని ఆయన చెప్పాల్సి వచ్చింది.

కరిగాక తూకం వేసి లెక్క చెప్పాడు. బరువులో టచ్ ఎంతో అంత వరకే వెండి, దానికి ఆ రోజు ధర, అందులోంచి కరిగించినందుకు కొంచెం తరుగు. ఒక కాగితం మీద రాసి, మా ఆయన చేత కూడా గుణించి చూడమన్నాడు. మా ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అయినా కాగితం చూశాక ఆయనలోని షాపు మనిషి మేల్కొన్నాడు. ఎడమదాంట్లో సగానికి పైగా రాగే కదా, రాగికి కూడా ధర ఉంది, నేను రోజూ అమ్మేవాణ్ణే, దానికేమీ కట్టరా అని అడిగాడు.

"అన్నా, వెండిల నుంచి దాన్ని ఇడదీసేటందుకు అయ్యే ఖర్చు నీ రాగి కంటె ఎక్కువైతది," అన్నాడు అవుసులాయన. ఆ మాటకు అత్తమ్మ పై పళ్లు లేని నోటితో పగలబడి నవ్వింది. ఆమె నవ్వితే మాకూ నవ్వొచ్చింది. డబ్బు ఇచ్చేటప్పుడు ఆయన, ధర ఇంకా పెరుగుతుందంటున్నారు, కొన్నాళ్లు ఆగకపోయావా పెద్దమ్మా అన్నాడు. "అది పెరిగేదాక నేనుండాలె గద," అని ఆమె నోట్లను బొడ్లో దోపుకుంది.

వచ్చిన మొత్తం నేను మొదట వేసిన లెక్కలో సగానికి కాస్త పైన. మొలతాళ్లు, పట్టీలు అమ్మే పని లేకుండానే పళ్లకు సరిపోయి కొద్దిగా మిగిలింది. బజారులో నడుస్తుంటే కడియాల బరువు పోయి ఆమె పాదాలు అవసరానికి మించి పైకి లేచాయి, బురదమడిలో నడుస్తున్నట్టు. రెండుసార్లు తూలింది. తిరుగు ప్రయాణంలో జూరాల దగ్గర దిగుదామని తనే పట్టుబట్టి, మా ఇద్దరికీ చేపల వేపుడు కొనిపెట్టింది. తను ముళ్లు వేళ్లతో తీసేసుకుని మెత్తటి ముక్కలు చప్పరిస్తూ తింది. డబ్బు నేనే ఇస్తానని, కొడుకును జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

పళ్లు రావడానికి వారాలు పట్టింది. వచ్చాక కొత్త బాధలు. చిగుళ్లు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. మళ్లీ వనపర్తి పోయి అరగదీయించుకొచ్చాం. మొదట్లో మాట మాటకూ ఈల వచ్చేది. తినేటప్పుడు తీసేసి, పాడేటప్పుడు పెట్టుకునేది. లోకంలో అందరూ తినడానికి కట్టించుకుంటారు కదా అంటే, "తినేటందుకు సంకటి ఉన్నది," అనేది. రోజంతా అరుగు మీద కూర్చుని పాటలు సాధన చేసింది. మోటారు కోసం వచ్చి కూర్చున్న గోపాల్‌పేట రైతు ఒకాయన ఆమె ఏ అక్షరం దగ్గర జారిపోతుందో చెప్పి, మళ్లీ అనమనేవాడు. ఆయన మాలధారణలో ఉన్నాడు. అది చర్చి పాట అని ఆయనకు తెలుసు, ఇద్దరికీ అది పట్టలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె పాట ఎత్తుకుంది. రెండో చరణంలో పై వరస కాస్త జారింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. నాలుకతో దాన్ని పైకి తోసి, గుక్క తిప్పుకోకుండా పాడింది. ముందు వరసలోని ఆ కొత్త కోడలు వెనక్కి తిరిగి చూసి, నవ్వి, గొంతు కలిపింది. ఇప్పుడు వాళ్లిద్దరూ ఒక ఆదివారం ఒకరు, ఇంకో ఆదివారం ఒకరు అని పంచుకున్నారు. ఆ పిల్లకు పాత పాటలు అత్తమ్మే నేర్పుతోంది.

మా ఇంట్లో మారింది ఇంకొకటి ఉంది. పొద్దున టీ తాగేటప్పుడు మా ఆయన షాపు తెరవకుండా అరుగు మీద తల్లి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ముందు ఏదో మోటారు సంగతితో మొదలుపెడతాడు. తర్వాత మెల్లగా, నాయినకు ఏం కూర ఇష్టముండె, నాయిన ఈత కొట్టేవాడా, నన్ను ఎప్పుడన్నా ఎత్తుకున్నాడా అని అడుగుతాడు. ఆమె లేచి లోపలికి వెళ్లి, గ్లాసులోని పళ్లు కడిగి పెట్టుకుని, వచ్చి కూర్చుని చెప్తుంది. నిన్న చెప్తున్నది మామ వంట గురించి. పని దగ్గర ఆమెకు ఒంట్లో బాగాలేక ఒకరోజు మామే రొట్టెలు చేశాడట. పిండిలో ఉప్పుకు బదులు ఏదో వేశాడు, ఏమిటో ఆమెకు గుర్తు రావడం లేదు. షాపు ముందు ఆటో వచ్చి ఆగింది, మోటారు దింపమంటారా అని డ్రైవరు పిలిచాడు. జర ఆగమని మా ఆయన చేత్తోనే సైగ చేసి, ఏమేశాడో గుర్తు తెచ్చుకొమ్మని తల్లిని మళ్లీ అడిగాడు.